పాట్‌లో పడ్డ డబ్బు ఎవరిది?

పలాస నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 31. జీడిపప్పు తయారుచేసే ఒక యూనిట్‌లో లెక్కలు చూస్తారు. జీతం నెలకు ₹32,000. ఇంట్లో భార్య, రెండో తరగతి చదివే పాప ఉన్నారు.

గత ఫిబ్రవరి నుంచి ప్రతి శనివారం రాత్రి కాశీబుగ్గలో ఒక స్నేహితుడి మేడ మీద గదిలో ఆరుగురు కూర్చుని పోకర్ ఆడుతున్నారు. ఆట నేర్పింది ఆయన బావ, అంటే భార్యకు సొంత అన్న. హైదరాబాద్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చాడు. మొదట్లో మనిషికి ₹500 పెట్టుకునేవారు, ఇప్పుడు ₹5,000. ఈయన లెక్కల మనిషి కాబట్టి ప్రతి రాత్రీ వచ్చిందీ పోయిందీ నోటుబుక్కులో రాసుకున్నారు. పది నెలల్లో, 40 రాత్రుల్లో, ₹1,40,000 పోయింది. అందులో ₹60,000 చీటీ పాడి తెచ్చిన డబ్బు. వానలు మొదలయ్యేలోగా ఇంటి స్లాబు లీకులు బాగుచేయించాలని, జూన్‌లో పాప ఫీజు కట్టాలని దాచినది. భార్యకు ఈ సంగతి తెలియదు.

ఒక ఆట గురించి మాత్రం ఆయన రెండు పేజీలు రాశారు. చేతిలో ఇస్పేటు 8, ఇస్పేటు 7. బల్ల మీద మొదటి మూడు ముక్కలు: ఇస్పేటు రాజు, ఇస్పేటు 4, ఆఠీన్ 10. పాట్‌లో, అంటే అందరి పందెం సొమ్ము కలిపిన కుప్పలో, ₹1,200 ఉంది, అందులో ఈయనది ₹400. బావ ₹1,200 పెట్టాడు. ఈయనా అంతే పెట్టి కాల్ చేశారు. నాలుగో ముక్క డైమండ్ 2. బావ ఈసారి ₹2,400 పెట్టాడు. మళ్లీ కాల్ చేశారు. ఐదో ముక్క ఇస్పేటు కాలేదు. బావ చేతిలో డైమండ్ 10, కళావర్ 10 ఉన్నాయి, బల్ల మీదదానితో కలిపి మూడు పదులు. ఆ ఒక్క ఆటలో ₹4,000 పోయింది. "అవకాశం 36 శాతం, కావలసింది 33 శాతమే. లెక్క ప్రకారమే కాల్ చేశాను, అయినా ఎప్పుడూ నేనే ఎందుకు ఓడిపోతున్నాను?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

రెండోది: కనుమ రోజు పెద్ద ఆట పెడుతున్నారు, మనిషికి ₹25,000. అందులో కూర్చుంటే పోయింది రాబట్టుకోవచ్చని బావ అంటున్నాడు, ఈలోగా ఫోన్‌లో యాప్ పెట్టుకుని చేయి తిప్పుకోమంటున్నాడు. వెళ్లాలా? మూడోది: భార్యకు చెప్పాలా, లేక ఆ నోటుబుక్కు చింపేసి మెల్లగా పూడ్చుకోవాలా?

బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదివాను. విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. సంభావ్యత పాఠంలో పేకముక్కల లెక్క చెప్పని సంవత్సరం లేదు. అందుకని మీరు ముందు అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను. "ఆట మానేయండి" అని ఒక్క మాటతో ముగిస్తే మీ మనసులో ఆ 36 శాతం ముల్లులా ఉండిపోతుంది. లెక్క సరిగ్గా చేసినా ఓడిపోయానన్న బాధే మిమ్మల్ని మళ్లీ ఆ గదికి తీసుకెళుతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఈ రకం పోకర్‌లో ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు వస్తాయి. బల్ల మీద అందరికీ కలిపి ఐదు పరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. ప్రతి దశలోనూ పందెం నడుస్తుంది. ఎదుటివాడు పెట్టినంతా మనమూ పెట్టి ఆటలో ఉండటాన్ని కాల్ అంటారు. ఒకే జాతి ముక్కలు, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ ఆఠీన్లో, ఐదు కుదిరితే ఫ్లష్. అది మూడు పదుల కంటే పెద్దది.

కాల్ చేయాలా వద్దా అన్నదానికి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి ధర. బావ ₹1,200 పెట్టాక పాట్‌లో ₹2,400 ఉంది. మీరు ₹1,200 కడితే మొత్తం ₹3,600. మీరు కట్టేది అందులో మూడో వంతు, కాబట్టి వందకు కనీసం 33 సార్లు గెలిస్తేనే గిట్టుబాటు. ఇంతవరకు మీరు రాసింది సరిగ్గా ఉంది. రెండోది అవకాశం. మొత్తం 52 ముక్కల్లో మీకు కనిపించినవి 5. మిగతా 47లో ఇస్పేట్లు 9. రాబోయే రెండు ముక్కల్లో ఒక్కటైనా ఇస్పేటు పడే అవకాశం 35 శాతం. 9ని 4తో గుణించే చిట్కా 36 అని చెబుతుంది, అదీ దగ్గరగానే ఉంది.

తప్పు ఎక్కడంటే, ఆ 35 శాతం రెండు ముక్కలకు. మీరు కట్టిన ₹1,200 ఒక్క ముక్కకు. రెండో ముక్క చూడాలంటే బావ మళ్లీ ధర అడుగుతాడు, అడిగాడు కూడా. ఇద్దరిలో ఒకరి డబ్బంతా అక్కడే బల్ల మీదికి వచ్చేసి ఇక పందెం మిగలకపోతే 35 వాడటం న్యాయం. మీ దగ్గర అప్పటికింకా ₹4,800 ఉంది. కాబట్టి మీరు చూడాల్సింది 47లో 9, అంటే 19 శాతం. 33 కావలసిన చోట 19 ఉంది.

"ఇస్పేటు పడితే బావ ఇంకా పెడతాడు, అది కూడా నాదే కదా" అని రాశారు. ఆ ఆలోచన తప్పు కాదు, బాగా ఆడేవాళ్లందరూ చేసేదే. అయితే దానికీ ఒక అంకె ఉంది. 19 శాతంతో ఆ ₹1,200 గిట్టుబాటు కావాలంటే, ఇస్పేటు పడిన ప్రతిసారీ పాట్‌లో ఉన్నది కాక ఇంకో ₹2,667 సగటున బావ దగ్గరి నుంచి రావాలి. బల్ల మీద మూడో ఇస్పేటు పడటం ఆయనకూ కనిపిస్తుంది. ఆట నేర్పినవాడు అన్నిసార్లు అంత పెడతాడా? మీ 40 రాత్రుల అనుభవంలో పెట్టాడా? దీనికి జవాబు మీ నోటుబుక్కులోనే దొరుకుతుంది. నా మటుకు నాకు ఆ మొదటి కాల్ పెద్ద నేరంగా కనిపించలేదు, కొంచెం ఖరీదైన ఆశ అంతే.

రెండో కాల్ సంగతి వేరు. పాట్ ₹6,000, మీరు కట్టాల్సింది ₹2,400. కావలసిన అవకాశం 29 శాతం దగ్గర. ఉన్నది 46లో 9, అంటే 20 శాతం కూడా పూర్తిగా లేదు. అదే కాల్‌ను 46 సార్లు చేశారనుకోండి. తొమ్మిదిసార్లు ₹6,000 చొప్పున ₹54,000 వస్తుంది. 37 సార్లు ₹2,400 చొప్పున ₹88,800 పోతుంది. తేడా ₹34,800. అంటే ముక్క తిరగకముందే, ఏ ఇస్పేటు వస్తుందో రాదో తెలియకముందే, ఆ కాల్ సగటున ₹757 నష్టం.

ఇంకో చిన్న విషయం. ఆ తొమ్మిది ఇస్పేట్లలో అన్నీ మీవి కావు. ఇస్పేటు 10 పడితే బావకు నాలుగు పదులు. ఇస్పేటు 2 పడితే బల్ల మీద రెండు 2లు ఏర్పడి, మూడు పదులతో కలిసి ఫుల్ హౌస్. ఆ రెండూ మీ ఫ్లష్‌ను కొడతాయి. నిజంగా మిమ్మల్ని గెలిపించేవి ఏడే. బావ ముక్కలు తెలిశాక లెక్కపెడితే 44లో 7, అంటే 16 శాతం. ఆ క్షణంలో ఆయన చేతిలో ఏముందో మీకు తెలియదు, నిజమే. కానీ ఒక మనిషి వరుసగా రెండుసార్లు గట్టిగా పెడుతున్నప్పుడు, పడితే మనకు మేలు చేస్తాయనుకున్న ముక్కల్లో ఒకటో రెండో అతనికే మేలు చేయవచ్చని తగ్గించి చూడాలి.

ఇక్కడి నుంచి లెక్క పక్కన పెట్టి మీరు రాసిన ఒక వాక్యం మీకే చూపిస్తాను. "అప్పటికే ₹1,600 పెట్టేశాను, ఇప్పుడు వదిలేస్తే అది పోయినట్టే కదా అనిపించింది." బాబూ, మీ ఆరు పేజీల్లో నేను గీత గీసుకున్న వాక్యం ఇదే. ఆ ₹1,600 లెక్కలో లేదని కాదు. ఉంది. గెలిస్తే వచ్చే ₹6,000లో కలిసి ఉంది. మీరు దాన్ని రెండోసారి లెక్కపెట్టారు. ఒకసారి బహుమతిలో, ఇంకోసారి పోగొట్టుకోకూడని సొమ్ముగా. చేతిలోంచి జారి పాట్‌లో పడిన క్షణాన అది మీది కాకుండా పోయింది. ఎవరు గెలిస్తే వాళ్లది.

ఈ లెక్క పుట్టిందే ఇలాంటి ప్రశ్న నుంచి. 1654లో ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు గణితజ్ఞులు ఉత్తరాలు రాసుకున్నారు. పందెం పెట్టి ఆడుతున్న ఆట మధ్యలో ఆగిపోతే డబ్బు ఎలా పంచాలి అన్నది సమస్య. అంతకుముందు కొందరు ఇప్పటిదాకా ఎవరు ఎన్ని గెలిచారో దాన్నిబట్టి పంచాలనుకున్నారు. వీళ్లిద్దరూ అటు చూడలేదు. ఇక్కడి నుంచి ఆట ఎన్ని విధాలుగా సాగవచ్చు, వాటిలో ఎన్నిటిలో ఎవరు గెలుస్తారు అని చూశారు. పిల్లలకు ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది. జరిగినదాన్ని వదిలి జరగబోయేదాన్ని లెక్కించడం అప్పుడు మొదలైంది.

ఇది మీ వృత్తిలో మీకు తెలియనిది కాదు. మార్చి తర్వాత పిక్కలు వస్తాయి, మీ యజమాని 80 కిలోల బస్తా ఒక ధరకు కొంటాడు. తర్వాత పప్పు ధర పడిపోతే, కొన్న ధరను తలుచుకుంటే పప్పు ధర పెరుగుతుందా? ఈ రోజు అమ్మితే ఎంత, ఆపితే ఎంత, అదే చూస్తాడు. ఆ కాగితం రాసి ఇచ్చేది మీరే అయి ఉంటారు. 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో జీడి చెట్లు నేలకూలాయి. ఆ స్థలంలో కొత్త మొక్క పెట్టాలా వద్దా అన్న లెక్కలో కూలిన చెట్టు ఖరీదు ఉండదు. ఏడుపు ఉంటుంది, అది వేరు. ఆ ఏడుపును నేను తక్కువ చేయడం లేదు.

ఇప్పుడు కనుమ ఆట. పోయిన ₹1,40,000 రాబట్టుకోవాలన్న మీ మాటను, ఆ ₹1,600 మాట పక్కనే ఉంచి పోల్చి చూడండి. రెండూ ఒకటే. సరే, మీ కోరిక ప్రకారమే లెక్క వేద్దాం. ఆరుగురు, మనిషికి ₹25,000. మీది తీసేస్తే మిగతా ఐదుగురిదీ కలిపి ₹1,25,000. అంటే ఆ రాత్రి బల్ల మీద ఉన్న ఆఖరి రూపాయి వరకు మీరే ఊడ్చుకున్నా మీ ₹1,40,000 పూడదు. ఆ ఆటలో మీకు కావలసినంత డబ్బే లేదు. అందరూ మీతో సమానంగా ఆడేవాళ్లే అనుకున్నా, అంతా మీకే వచ్చే అవకాశం ఆరింట ఒకటి. మీ నోటుబుక్కు చూస్తే వాళ్లు సమానం కాదేమో అనిపిస్తోంది. బావ ఎప్పుడూ లాభంలో ఉంటాడని మీరే రాశారు. దానికి తోడు ప్రతి రాత్రీ గది, తిండి, మందు ఖర్చుకని మనిషికి ₹300 తీస్తున్నారు. 40 రాత్రులకు మీ వంతే ₹12,000. అది ఎవరూ గెలవని డబ్బు.

మీరు వెళితే ఏమవుతుంది? కొంచెం గెలిచి రావచ్చు, అది జరగని పని కాదు. అప్పుడు వచ్చే శనివారం ఆగడం ఇప్పటికంటే కష్టమవుతుంది. ఓడిపోతే, ఆ ₹25,000 ఎక్కడి నుంచి తెస్తారో మీరు రాయలేదు. చీటీ డబ్బు అయిపోయింది కాబట్టి అది అప్పే అయి ఉంటుందని నా భయం. అప్పు తెచ్చిన డబ్బుతో కూర్చున్నవాడు 20 శాతాన్ని 20 శాతంగా చూడలేడు. చెయ్యి వణికితే వదలకూడనిది వదిలేస్తాడు, వదలాల్సింది పట్టుకుంటాడు.

వెళ్లకపోతే కూడా ఖర్చు ఉంది, అదీ చెబుతాను. శనివారం రాత్రులు ఖాళీ అవుతాయి. వాళ్లు మీ స్నేహితులు, వారమంతా పిక్కల లెక్కల్లో గడిపిన మనిషికి ఆ నాలుగు గంటలు ఊపిరి పీల్చుకునే చోటు. బావ నొచ్చుకోవచ్చు, "భయపడ్డాడు" అని నవ్వవచ్చు. ఆ ₹1,40,000 పోయిందని మీరు మొదటిసారి ఒప్పుకోవాల్సి వస్తుంది. నా అంచనాలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

మధ్యలో ఇంకో దారి ఉంది. చింతపిక్కలతో ఆడమని వాళ్లను అడగండి. డబ్బు లేకపోతే ఎవరు వస్తారో, ఎవరు రారో చూడండి. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు వస్తారు. మీకు నిజంగా ఇష్టమైనది ముక్కల లెక్కే అయితే చింతపిక్కలతోనూ ఆ ఆనందం ఉంటుంది. లేకపోతే అది కూడా మీకు తెలుస్తుంది. పాత ₹500కి తగ్గించుకుందాం అంటారేమో. తగ్గించినా నెలకు నాలుగు వారాలు, గది ఖర్చుతో కలిపి లెక్కేసుకోండి, జూన్ అవసరానికి అది కూడా భారమే. పైగా అక్కడి నుంచి ₹5,000కి ఎలా చేరారో మీకు గుర్తుండే ఉంటుంది.

యాప్ మాట మాత్రం వద్దు. మన రాష్ట్రం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా వాటిని ఆపేసింది. ఇప్పుడు దొంగచాటుగా నడిచే యాప్‌లో మీ డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఎవరూ ఉండరు. సుప్రీంకోర్టు పేకాటను నైపుణ్యం ఆట అందని బావ చెప్పిన మాట 1967 నాటి రమ్మీ తీర్పు గురించి. అందులో పోకర్ ప్రస్తావన లేదు, మూడు ముక్కలాటనైతే అదృష్టం ఆటగానే వేరు చేశారు. పండగ రోజుల్లో పేకాట మీద పోలీసు దాడులు మన జిల్లాల్లో ప్రతి ఏడాదీ చదువుతూనే ఉన్నాం. ఒక యూనిట్ డబ్బు లెక్కలు చూసే మనిషికి అలాంటి కేసు ఎంత నష్టమో ఆలోచించండి.

ఇక మీ ఇల్లు. ఈ ముడి అన్నిటికంటే గట్టిది, ఎందుకంటే గెలిచినవాడు ఆమెకు అన్న. చెబితే అన్నాచెల్లెళ్ల మధ్య చిచ్చు పెట్టినట్టవుతుందని రాశారు. మీ మంచితనం నాకు అర్థమైంది. కానీ ఆ భయం వెనక దాక్కోవడం కూడా సులువే అని మీకు చెప్పాలి.

చెప్పకుండా పూడ్చుకోవచ్చా అన్నది లెక్కతో చూద్దాం. జనవరి నుంచి మే వరకు ఐదు నెలలు. ఆట మానేసి, ₹32,000లో ఇల్లు గడుపుతూ నెలకు ₹6,000 మిగిల్చినా ₹30,000. కావలసింది ₹60,000. దానికి తోడు చీటీ వాయిదాలు ఎలాగూ కట్టాలి. అంటే జూన్‌లో ఆమెకు తెలియక తప్పదు. మీరు తేల్చుకోవాల్సింది ఇప్పుడు మీ నోట తెలియడమా, అప్పుడు స్లాబు కారుతుండగా ఫీజు రసీదు దగ్గర తెలియడమా అన్నదే. సగం చెప్పి సగం దాచడం మూడో దారిలా కనిపిస్తుంది. ₹60,000 చెప్పి ₹80,000 దాస్తే, ఆ దాచినది బయటపడ్డ రోజు చెప్పిన సగాన్ని కూడా ఆమె నమ్మదు. ఆ దారి వద్దనే నా మనసు చెబుతోంది.

చెప్పేటప్పుడు మీ తప్పు చెప్పండి, మీ బావ తప్పు కాదు. "మీ అన్నయ్య నన్ను ముంచాడు" అంటే ఆమె ముందు రెండే దారులుంటాయి, మీ మీద కోపమో అన్న మీద కోపమో. "నేను ఆడాను, ఇంత పోయింది, డబ్బు ఇక్కడి నుంచి తీశాను, ఇక ఆడను" అంటే కోపం మీ మీదే వస్తుంది. రానివ్వండి. ఆమె అన్నను నిలదీయాలో వద్దో ఆమె ఇష్టం. ఆయన మోసం చేశాడనడానికి మీరు రాసినదాంట్లో నాకు ఏమీ కనిపించలేదు. ఆ ఆటలో ఆయన ముక్కలు మంచివి, ఆయన పెట్టిన ధర సరైనది. డబ్బు గెలిచిన అన్నగా చెల్లెలి ఇంటి గురించి ఆలోచించాడా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు చెప్పాల్సింది ఆయన.

ఆమెకు చెప్పాక ఇద్దరూ కలిసి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్కూల్లో ఫీజు వాయిదాలు అడగవచ్చు. స్లాబు మొత్తం కాకుండా పాప పడుకునే గది మీద లీకు మాత్రం ఈ ఏడాది ఆపవచ్చు. జీతం పడగానే ఆమె ఖాతాకు వెళ్లేలా కొన్ని నెలలు ఏర్పాటు చేసుకోవచ్చు, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మానేద్దామనుకున్నాక కూడా శనివారం సాయంత్రం కాళ్లు అటే లాగుతుంటే, నిద్ర పట్టకపోతే, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ నంబరు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. "ఒక్కోసారి బతకడం ఎందుకనిపిస్తుంది" అని ఐదో పేజీలో ఒక మూల రాసి కొట్టేశారు. కొట్టేసినా నేను చదివాను. అలా అనిపించిన రాత్రి పడుకోకుండా ఉండిపోకండి, ఆ నంబరుకు ఫోన్ చేయండి, మీ ఆవిడను లేపండి. పాట్‌లో పడిన ₹1,40,000 ఒక మనిషి ఖరీదు కాదు.

నోటుబుక్కు చింపకండి. ఆమె చేతిలో పెట్టాల్సింది అదే. 40 రాత్రుల అంకెలు, మీ రాతలో, ఒక్కటి కూడా దిద్దకుండా ఉన్నాయి. దాచాలనుకున్న మనిషి అలా రాసుకోడు, ఆ సంగతి ఆమెకూ కనిపిస్తుంది. వీలైతే వచ్చే శనివారం సాయంత్రం, ఆ గదికి బయలుదేరే వేళకే చెప్పండి. పాపను కాసేపు అమ్మమ్మ దగ్గరో పక్కింట్లోనో ఉంచండి. తర్వాత ఏమైందో నాకు రాయండి, ఎదురుచూస్తాను.